లోతు ఎనిమిది మూరలు

ఎండాకాలంలో మా ఊరికి పని లేకుండా ఎవరూ రారు. వస్తే బోరు బండివాళ్ళు రావాలి, లేదంటే గొర్రెల బేరగాళ్ళు రావాలి. అలాంటిది రెండువేల మూడో సంవత్సరం, ఉగాది వెళ్ళిన నాలుగో రోజున, బెళుగుప్ప నుంచి వచ్చే పదకొండు గంటల బస్సు దిగి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, యాభై ఏళ్ళావిడ ఒకతె మా ఇల్లెక్కడని అడుగుతూ వచ్చింది. పేరు ఇంద్రాణి. హైదరాబాదులో పాత తాళపత్రాలు సేకరించే ఆఫీసులో పని చేస్తుందట. మా దేవుడి గూట్లో తాటాకుల కట్ట ఉందని ఎవరో చెప్పారట, చూడాలంది.

“దాంట్లో ఏముండాదమ్మా?” అని మా అన్న సుంకప్ప అడిగాడు.

“విప్పి చూస్తేగాని చెప్పలేను. లెక్కలు ఉండొచ్చు అనుకుంటున్నాను.”

లెక్కలట! రాత్రంతా బస్సులో నడుము విరగ్గొట్టుకుని, కాకులు కూడా నీడ వదలని ఎండలో, లెక్కల కోసం వచ్చిందట. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. నేను నమ్మలేదు.

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. విత్తనాల మూట తెస్తే అడుగునుంచి గుప్పెడు తీసి చూడందే ఇంట్లో పెట్టనివ్వను. “నీ నీడ మీద కూడా నీకు నమ్మకం లేదు గదయ్యా” అని మా ఆవిడ మారెక్క దెప్పుతుంది. మా నాయన పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అప్పటినుంచి అన్నే పెంచాడు. అతను మూడో తరగతిలో పలక పక్కన పెట్టి సేద్యానికి మడక పట్టాడు, నన్ను మాత్రం పది దాకా చదివించాడు. పది నేను తప్పాను, అది వేరే సంగతి. లోకంలో నేను అనుమానించని మనిషి ఒక్కడే ఉండేవాడు, మా అన్న. ఆ ఎండాకాలం ఆ ఒక్కణ్ణీ వదల్లేదు.

మమ్మల్ని ఊళ్ళో ‘బడోళ్ళు’ అంటారు. ఎందుకంటారో మాకే తెలీదు. బడికీ మాకూ ఉన్న చుట్టరికం నేను పది తప్పడంతో తెలిసిపోయింది కదా! ఆ కట్టను మాత్రం తాతల కాలం నుంచి పెద్దల సొత్తుగా చూసుకుంటున్నాం. ఏటా ఉగాదికి మా వదిన ఆంజినమ్మ దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఊదుబత్తి తిప్పి మళ్ళీ గూట్లో పెట్టేది. తాడు ఎవరూ విప్పలేదు. విప్పితే కళ్ళు పోతాయని మా అవ్వ చెప్పిందట.

అన్న విప్పించాడు. “కళ్ళు పోతే నావి పోతాయి లేమ్మా, సగం పోయే ఉండాయి” అన్నాడు.

ఇంద్రాణి ఆ రోజే అన్న ఎదుట ఆకులు లెక్కపెట్టింది. అరవై రెండు. మా ముందుగదిలో దిగింది. వారమంతా పని, శనివారం బట్టలకూ మందులకూ అనంతపురం పోయి, సోమవారం పొద్దున బస్సుకు తిరిగి వచ్చేది. నిమ్మగడ్డి నూనెలో మసి కలిపి, దూదితో ఆకు మీద రుద్ది తుడిస్తే, అప్పటిదాకా ఉత్త గీతల్లా ఉన్నవి నల్లటి అక్షరాలై లేచేవి. చాలా ఆకుల మీద మా వాళ్ళు తరతరాలుగా పూసిన పసుపు గడ్డకట్టి ఉంది. దాన్ని గోటితో కాదు, మెత్తటి బ్రష్షుతో రాల్చేది. “ఇంక దీనికి పసుపు పూయకండి ఆంజినమ్మగారూ” అంటే మా వదిన మొహం మాడ్చుకుంది. దేవుడికి స్నానం మాన్పించమన్నట్టు ఉందామెకు.

మూడో రోజు పంచలో కూర్చుని ఒక ఆకు చదివి వినిపించింది. గొల్లవాడొకడు నలుగురు కొడుకులకు మంద పంచాడు. పెద్దవాడికి సగం. రెండోవాడికి మిగిలినదాంట్లో సగం. మూడోవాడికి ఇంకా మిగిలినదాంట్లో సగం. కడగొట్టువాడికి అయిదు గొర్రెలు. మంద ఎంత చెప్పుమా?

ఆమె నోరు మూయకముందే అన్న అన్నాడు. “నలభై.”

“ఎలా చెప్పారు?”

“దాంట్లో ఏముండాదమ్మా! అయిదు, పది, ఇరవై, నలభై. ఎనక్కి నడిస్తే సరిపాయ.”

ఇంద్రాణి ఆకు తిప్పి చూపించింది. “ఇక్కడా అదే రాసి ఉంది. కింద ‘పుల్లన్న బడిలో చెప్పినది’ అని కూడా ఉంది. సుంకప్పగారూ, ఈ పుల్లన్న మీ వంశంవాడే అయి ఉంటాడు. రెండు వందల యాభై, మూడు వందల ఏళ్ళ కిందట ఇక్కడ పిల్లలకు లెక్కలు చెప్పిన అయ్యవారు. ఇవి ఆయన రాసుకున్న పాఠాలు.”

అన్న నవ్వాడు. వరసగా మూడేళ్ళు వానలు ఎగ్గొట్టాక అతను నవ్వగా చూడ్డం నాకు అదే మొదలు. ఆ నవ్వు నాకు పెట్టలేదు, ఎవతెకో పెట్టాడు. కడుపు మండింది. ఉన్నమాట చెబుతున్నాను.

ఆ రోజునుంచి అన్న ఆమెను వదల్లేదు. నిచ్చెన లెక్క, నీళ్ళ తూము లెక్క, రెండెడ్ల మేత లెక్క. కొన్ని నోటితో చేసేవాడు, కొన్ని తాడుతో నేల మీద పరిచి చేసేవాడు. ఇంట్లో నేను మాట్లాడదామని పోతే “ఉండ్రా, ఈ లెక్క తేలనీ” అనేవాడు.

నేను మాట్లాడాలనుకున్నది చిన్న సంగతి కాదు. మాకు బావి కింద రెండెకరాల చీనీ తోట ఉంది, బత్తాయి అంటారే అది. నూట తొంభై చెట్లు. నాయన తవ్విన గుంతల్లో అన్న నాటి, బిడ్డల్లా సాకి కాపుకు తెచ్చినవి. బావిలో నీళ్ళు అడుగంటాయి. మోటారు వేస్తే అరగంట పారి ఆవులిస్తుంది. చెట్ల కొసలు ఎండుతున్నాయి. ఇంకో బోరు వేద్దామని నేను, వేసిన మూడూ దుమ్ము లేపాయి గదా, ఉన్న బావిని కాపాడుకుందామని అన్న. ఆ మాట తెగలేదు. చుట్టుపక్కల తోటలన్నీ గొడ్డలికి పోతున్నాయి. మా తోట బతకడం ఒక్కటే ఆ ఏడు నాకు కావలసింది.

ఒక మధ్యాహ్నం పొలానికి పోయేసరికి బావి దగ్గర అన్నా, ఇంద్రాణీ కనిపించారు. మా బావికి పడమరగా జంటగుండ్లు ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు బండరాళ్ళు. అన్న గుండ్ల దగ్గర తాడు కొస పట్టుకున్నాడు. ఆమె రెండో కొస బావి గట్టు దాకా లాక్కుపోయి ఏదో పుస్తకంలో రాసుకుంది. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపారు. ఆపారో, మాట అప్పుడే అయిపోయిందో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం ఆపారనే అనుకున్నాను.

“ఏంది అన్నా కొలుస్తాండారు?”

“ఆ కాలం మూర ఎంతో చూస్తాండాము. పుల్లన్న లెక్కల్లో మన గుండ్లు, మన బావి అన్నీ ఉండాయిరా!”

ఇంటికి వచ్చి మారెక్కతో చెప్పాను. అది విస్తరాకు కుట్టే పుల్ల పక్కన పెట్టింది.

“లెక్కలకు తాడు యాలయ్యా? పోయినేడు కొండకాడ గుడిలో గుప్తనిధికని నంది కింద తవ్విపోయిండ్లా? వాళ్ళూ పగటిపూట ఇట్లే తాళ్ళు పట్టి కొలిచిపోయినారంట.”

నాకూ అదే తోచింది. మరునాడు ఇంద్రాణి లోపల అన్నం తింటూ వదినతో మాట్లాడుతుంటే ముందుగదిలోకి పోయాను. గుడ్డ మీద ఆకులు వరసగా పరిచి ఉన్నాయి. ఆమె చదివినవి ఒక పక్క, చదవాల్సినవి ఒక పక్క. నాకు ఆ రాత అంతుపట్టదు. మాటకూ మాటకూ సందు లేదు, తలకట్లు వేరే. కానీ చదవాల్సినవాటిలో ఒక ఆకు మీద బొమ్మ ఉంది. రెండు గుండ్లు, గుండ్రంగా ఒక బావి, వాటి నడుమ నేలలో ఒక బిందె. ఆకు తీసి చొక్కా కింద వీపుకు ఆనించి దోపుకుని బయటపడ్డాను.

బెళుగుప్పలో బయ్యన్న అని ఒకాయన ఉండేవాడు. పాత దస్తావేజులు చదివి పెట్టడం ఆయన వృత్తి. నలభై ఏళ్ళుగా భూముల హద్దులు తప్ప ఇంకేమీ చదివిన పాపాన పోలేదు. టీ కొట్టు వెనక తడికల కింద కూర్చుని, భూతద్దం పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

“జంటగుండ్లకు తూర్పు బావి. సరేనా? బావి గట్టుకు పడమర ఆరు మూరల దూరాన, ఎనిమిది మూరల లోతున, తండ్రి రాగిబిందె నిండ మాడలు పోసి పూడ్చెను. కొడుకు బావి గట్టుపై నిలిచి... అంతే. ఆకు అయిపోయింది. మాడలంటే పాతకాలం బంగారు నాణేలు.”

“నిలిచి? నిలిచి ఏం చేసినాడంట?”

“ఏం చేస్తే ఏమప్పా! దిక్కు చెప్పినాడు, దూరం చెప్పినాడు, లోతు చెప్పినాడు. దస్తావేజులో హద్దులే ప్రాణం. మిగిలినదంతా సాక్షుల పేర్లే.” భూతద్దం దించి నా మొహంలోకి చూశాడు. “ఏం తిప్పేషా, మీ బావికాడ జంటగుండ్లు ఉండాయా?”

“లేవు” అన్నాను.

“ఉండాయి లే. దొరికితే నన్ను మర్చిపోవద్దు.”

తిరుగు బస్సులో నాకు కళ్ళముందు చీనీ తోటే కనపడింది. నాలుగో బోరు, అయిదో బోరు, నీళ్ళు పడేదాకా బోర్లు. అన్నకు చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. అన్న ఆమెతో చెబుతాడు. లేదా అన్నకు ముందే తెలుసు, నాకు చెప్పకుండా ఆమెతో కలిసి కొలుస్తున్నాడు. తాను దొంగైతే లోకమంతా దొంగలే అంటారు కదా, నా సంగతి అట్లా అయింది.

ఆ రోజుల్లో ఇంకుడు గుంతలు తవ్వండని జీపులకు మైకులు కట్టి ఊరూరా చెబుతున్నారు. వాననీళ్ళు గుంతలోకి దిగితే పక్కనున్న బావికి ఊట పెరుగుతుందట. నాకు కావలసిన సాకు జీపెక్కి వచ్చింది. బావి గట్టుకు పడమర ఆరు మూరలు కొలిచి, గడ్డపార వేశాను. పొద్దునా సాయంత్రం కాక, మిట్టమధ్యాహ్నం తవ్వేవాళ్ళం, నేనూ మారెక్కా. ఆ వేళప్పుడు ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంటుంది. బిందె బయటపడితే చూసే కన్ను ఉండకూడదు.

రెండో రోజే అన్న వచ్చి చూశాడు. “మంచి పని ఎత్తుకున్నావురా. గోడకు కొంచెం దగ్గరైంది గానీ” అన్నాడు. పోతూ తన గంపలు రెండు ఇచ్చిపోయాడు. ఎర్రమట్టి పోయి గరుసు తగిలింది. అయిదు మూరలు దిగాం.

శుక్రవారం పొద్దున పొలానికి బయలుదేరుతుంటే ముందుగదిలోంచి ఇంద్రాణి గొంతు వినిపించింది.

“సుంకప్పగారూ, ఒకసారి వస్తారా? ఒక ఆకు కనపడటం లేదు. నలభై రెండోది.”

వెతికారు. చాప ఎత్తారు, గుడ్డ దులిపారు, గూడు చూశారు. వదిన శోకం ఎత్తుకుంది, పెద్దల సొత్తు పోయిందని. ఆ శోకానికి వీధి చేరింది. వీరప్ప కూడా వచ్చాడు. ఊళ్ళో పంచాయితీ ఏదైనా పెద్దరికం ఆయనదే.

ఇంద్రాణి నలభై మూడో ఆకు చేతిలో పట్టుకుని పంచలోకి వచ్చింది. ఆమెకింకా ఏం జరుగుతున్నదో తెలీదు. ఆమె బాధంతా లెక్క గురించే.

“చూడండి, ఈ ఆకు మధ్యలో మొదలవుతోంది. ‘ఆ బిందెకు తాడు నేరుగా బిగించిన, తాడు ఎన్ని మూరలు చెప్పుమా? పది మూరలు’ అని. ప్రశ్న మొదలంతా పోయిన ఆకులో ఉంది. పోతే పోయింది గానీ, ఊహించొచ్చు. అడ్డం, నిలువు, వాలుతాడు. పుల్లన్న పిల్లలకు చెప్పిన లెక్క కాబట్టి అన్నీ నిండు అంకెలే వేస్తాడు. వాలు పది రావాలంటే తక్కిన రెండూ ఆరు, ఎనిమిది అయి ఉండాలి. ఇంకో జత లేదు. ఏది దూరమో, ఏది లోతో మాత్రం ఆకు చూస్తేగాని తెలీదు.”

ఆకు అటక మీద చేటల వెనక ఉంది. చూడని మనిషి ఆరు, ఎనిమిది అని ఎట్లా చెబుతుంది? ముందే చదివేసింది. నిధి సంగతి తెలుసు. ఇప్పుడు తాడనీ వాలనీ లెక్క అల్లి, మేము తవ్వకుండా మాయ చేస్తున్నది. మాడల మాట నిజమైనప్పుడు తాడు మాట ఎందుకు కాకూడదని నాకు తోచలేదు. అనుమానం తలకెక్కిన మనిషికి ఎదురుగా ఉన్న నిజం కూడా ఎత్తులాగానే కనిపిస్తుంది.

“ఆకు సూడకుండానే లోతు ఎనిమిదని నీకెట్ల తెల్సు?” అని అరిచాను. “ముందే తీసి దాచిపెట్టింటావు!”

గుంపంతా ఇంద్రాణి వైపు తిరిగింది. అన్న ఒక్కడు మాత్రం నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత తల దించుకున్నాడు.

“సంచీ చూపించమ్మా” అన్నాడు వీరప్ప. “ఇట్ల వచ్చినోళ్ళే మా ఆంజనేయుని ఇత్తడి గంట ఎత్తకపోయినారు.”

“నా సంచీనా?” అంది ఆమె. లోపలికి పోయి తానే సంచీ తెచ్చి పంచలో బోర్లించింది. రెండు చీరలు, మందు బిళ్ళలు, కెమెరా, నోటుపుస్తకాలు, వదిన కట్టిచ్చిన చెనిగ్గింజల పొట్లం. నల్ల ఫ్రేము కళ్ళద్దాలు ఒకటి దొర్లి అన్న కాళ్ళ దగ్గర పడింది. “అవి మీకే” అంది ఆమె. “అక్షరాలు సరిగా ఆనడం లేదన్నారని అనంతపురంలో తీసుకున్నాను.”

అన్న వంగలేదు. మారెక్క నా వెనక నిలబడి మోచేత్తో పొడిచింది. “నిజం చెప్పు” అంది మెల్లగా. నేను దాని కాలు తొక్కాను.

“సంచీలో యాడ ఉంటాది! శనివారం శనివారం అనంతపురం పోతాంది కదప్పా, దాటించేసింటాది” అన్నాడు వీరప్ప. ఊరంతా తల ఊపింది.

ఇంద్రాణి అన్నను అడిగింది. “మీరు కూడా అదే అనుకుంటున్నారా సుంకప్పగారూ?”

“నువ్వు ఇంగ పోమ్మా” అన్నాడు అన్న. “పదకొండు గంటల బస్సు ఉండాది.”

ఆమె ఒక్కొక్క వస్తువూ ఏరి సంచీలో పెట్టుకుంది, కళ్ళద్దాలు కూడా. అరవై ఒక్క ఆకులూ వరస తప్పకుండా పేర్చి, తాడు కట్టి, వదిన చేతిలో పెట్టింది. మరునాడు వీరప్ప ఆమె ఆఫీసుకు కంప్లయింటు రాశాడు. రాసింది ఆయన, సంతకం పెట్టింది మా అన్న.

నేనేం చేశానంటారా? మధ్యాహ్నం కాగానే గుంతలోకి దిగాను.

ఎనిమిది మూరలు అయ్యాయి. బిందె లేదు. తొమ్మిది. పది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు, నాకు ఎలుక కూడా దొరకలేదు. అప్పుడైనా బుద్ధి రావద్దూ? పుల్లన్న మూర మన మూర కంటే చిన్నదేమో, బిందె బావికి ఇంకాస్త దగ్గరగా ఉందేమో అని గుంతను తూర్పుకు రెండు మూరలు కోశాను. బావి గోడ వెనక రాళ్ళు గడ్డపారకు తగిలి ఖంగుమంటుంటే అదే బిందె అనుకుని రెండుసార్లు గుండె ఆగింది. అన్న రోజూ సాయంత్రం తోటకు వచ్చి గుంత గట్టున కాసేపు కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. బిందెను ముందే తీసేసుకున్నాడు కాబట్టే ఇంత నిబ్బరంగా ఉన్నాడని నేను అనుకునేవాణ్ణి. చివరికి విసుగొచ్చి గుంతను అట్లాగే వదిలేశాను.

రోహిణి కార్తెలో ఒక సాయంత్రం మబ్బు పట్టింది. మూడేళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చాలన్నట్టు కురిసింది. జనం వీధుల్లోకి వచ్చి తడిశారు. వీరప్ప అంతటివాడు పంచె ఎగ్గట్టి గంతులేశాడు. “నీ ఇంకుడు గుంత నిండింటాది పో తిప్పేషా” అని అందరూ నా వీపు తట్టారు. నాకూ సంతోషం పట్టలేదు. చెట్లు బతికాయి అనుకున్నాను.

తెల్లవారి పోయి చూస్తే గుంతా లేదు, బావీ లేదు. గుంత నిండి, నీళ్ళు గోడ వెనకకు దిగి, పడమటి గోడ మొత్తం లోపలికి కూలిపోయింది. మా తాత కట్టించిన రాతిగోడ అది. రాళ్ళూ, గరుసూ, బురదా సగం బావిని పూడ్చేశాయి. మోటారు ఎక్కడో అడుగున ఉంది. దాన్ని మళ్ళీ తోడించే తాహతు మాకు లేదని చూడగానే తెలిసిపోయింది. ఒక్క వానతో చీనీ చెట్లు బతకవు.

అన్న జంటగుండ్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను పోయి కింద నిలబడ్డాను.

“అన్నా, ఆ ఆకు నేనే తీసినా.”

“తెల్సు.”

“ఎప్పుట్నించి?”

“ఆ పొద్దే.” అన్న నా వైపు తిరగలేదు. “ఆయమ్మ ఆరు, ఎనిమిది అనె. ఏది లోతో తెలీదనె. లోతు ఎనిమిదని చెప్పింది నువ్వు.”

అక్కడే నేల మీద కూర్చున్నాను. “మళ్ళ ఆయమ్మను ఎందుకు పంపిస్తివి అన్నా?”

“ఊరంతా ఆడ్నే ఉన్నింది కదరా. నోరు తెరిస్తే దొంగవి నువ్వు అవుతావు. నువ్వు సచ్చేదాకా ఈ ఊర్లోనే బతకాల. ఆయమ్మకు ఇంగో ఊరు ఉండాది. అట్ల అనుకుంటి. నిన్ను పంపించలేక ఆయమ్మను పంపిస్తి.”

“నేను గుంత తవ్వుతాంటే ఊరికే సూస్తా ఉంటివే!”

“ఏమీ లేదని తెలిస్తే నువ్వే వచ్చి చెప్తావనుకుంటి. చెప్పి, నీ చేత్తోనే పూడుస్తావనుకుంటి. దినామూ వచ్చి కూచుంటి కదరా గట్టు మీద! నువ్వు చెప్తావని.”

నేను ఏడ్చాను. మా నాయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ ఎండాకాలమంతా నేను అనుమానించనివాడు లేడు. ఇంద్రాణి, బయ్యన్న, వీరప్ప, చివరికి నా అన్న. నా కోసం అన్న తప్పు చేస్తాడన్న అనుమానం ఒక్కటే రాలేదు.

ఆ వారమే ఆకును కొత్త గుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య పెట్టి, రిజిస్టరు పోస్టులో, అందినట్టు సంతకం పెట్టి పంపే రసీదు కార్డు జతచేసి, ఇంద్రాణి పేర పంపాం. జరిగినదంతా ఉత్తరం రాయమన్నాడు అన్న. దాచకుండా రాశాను, నా పేరుతోనే. కింద తనూ సంతకం పెట్టాడు. వీరప్ప కాగితం తప్పని ఆమె ఆఫీసుకు వేరే రాశాం. అక్కడినుంచి జవాబు లేదు. ఆ పనిలోంచి ఆమెను అప్పటికే తప్పించారని, కట్టల సంగతి ఇప్పుడు ఇంకెవరో చూస్తున్నారని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆగస్టుకు తోట ఎండింది. చెట్లు నేనే కొట్టాను. కట్టెలమ్మి, ఇద్దరం బళ్ళారి దిక్కు పనికి బయలుదేరడానికి మూటలు కట్టుకుంటుంటే పోస్టుమాను ఒక కార్డు తెచ్చి ఇచ్చాడు. పార్సిలు అందినట్టు రసీదు, రెండు నెలలు ఆలస్యంగా. అడుగున ఇంద్రాణి సంతకం, తారీకు.

“ఏం రాసింది?” అన్నాడు అన్న.

“సంతకం పెట్టింది అన్నా.”

“ఇంగేమీ రాయలేదా?”

“లేదు.”

కార్డు నా చేతిలోంచి తీసుకుని, ఎండలో పెట్టి, కళ్ళు చికిలించుకుని చాలాసేపు చూశాడు. మళ్ళీ నాకు ఇచ్చాడు.

“ఎనకపక్క సూడు” అన్నాడు.

తిప్పి చూశాను. వెనక మా చిరునామా ఉంది. అది పంపేటప్పుడు నేను రాసిందే.